పెదవులు కలిసే మాట

అమెరికా దేశపు పసిపిల్లలు తొలిచదువు నేర్చుకొన్న పాత వాచకాలు కొన్ని, కువైట్ దేశంలో హవల్లీలోని మా ఫ్లాటులో, నా వ్యాకరణ గ్రంథాల సరసన ఉన్నాయి. తెలుగు పండితుడి అలమరలో వీటికేమి పని అని వచ్చినవారు అడుగుతుంటారు. ఎండ మెత్తబడి కిటికీలు తెరవగలిగే నెలలు రాగానే ఆ అర దుమ్ము దులపడం నా అలవాటు. దులిపిన ప్రతిసారీ ఒక పుస్తకం, వెన్ను విరిగినందువల్ల, ఒకే పుట దగ్గర తెరుచుకొంటుంది. గళ్ళ ఏప్రన్ కట్టుకొన్న ఒక తల్లి పొయ్యి ముందు నిలబడి కేకు చేస్తున్న బొమ్మ ఆ పుటలో ఉంది. బొమ్మ మీద పసి అరచేతి మరక ఒకటి, ఖర్జూరపు జిగురుతో అంటుకొన్నది, ఇప్పటికీ కనిపిస్తుంది. అన్ని పుస్తకాలూ తుడుస్తాను గాని ఆ మరకను తుడవను.

ఇవి మా ఎదురు ఫ్లాటులో చాలాకాలం నివసించిన ఒక అమెరికన్ ఉపాధ్యాయురాలివి. ఆమె ఇక్కడి ఒక బడిలో చిన్న తరగతులకు పాఠాలు చెప్పేవారు. నేను ఇక్కడే అబ్బాసియా పేటలో మనవారి పిల్లలకు తెలుగు, సంస్కృతం చెప్పి విశ్రాంతి తీసుకొన్నవాణ్ణి. ఇద్దరమూ పసివాళ్ళ చేత అక్షరాలు పలికించి బతికినవాళ్ళమే కనుక, లిఫ్టు కోసం నిలబడ్డ కాసేపట్లోనే మా మాటలు అటు మళ్ళేవి. లిఫ్టు వచ్చి, ఎవరూ ఎక్కక, తిరిగి కిందికి పోయిన సందర్భాలు అనేకం. మా ఆవిడ తలుపు తీసి చూసి, "ఏమండీ, ఆవిణ్ణి లోపలికి రమ్మనకూడదటండీ? గుమ్మంలో నిలబెట్టి ఆ కబుర్లేంటి?" అనేది. అప్పుడు ఆమె లోపలికి వచ్చి, మా ఆవిడ పెట్టిన పెసరట్టు తింటూ తన దేశపు వాచకాల కథ చెప్పేవారు.

ఆ దేశంలో పిల్లల చేతికి మొదట వచ్చిన వాచకం పుస్తకమే కాదట. పిడి ఉన్న చిన్న చెక్కపలక, దాని మీద అంటించిన ఒకే ఒక్క కాగితం, కాగితం నలగకుండా పైన పశువు కొమ్మును పలుచగా సాగదీసిన పొర. విసనకర్రలాంటి ఆ పలకను నడుముకు వేలాడదీసుకొని పిల్లలు తిరిగేవారట. తరువాత అరచేయంత వాచకాలు వచ్చాయి. వాటిలో అక్షరానికొక పద్యపాదం, పాదం పాదానికీ పాపం, మరణం, దైవభయం. "అక్షరమాల ముగిసేలోగా పసివాడికి తాను చనిపోక తప్పదని తెలిసిపోయేది" అని ఆమె నవ్వారు. ఆ పిమ్మటివి నీలి అట్టల వర్ణక్రమ పుస్తకాలు. ఒక నకలు ఆమె నా చేతిలో పెట్టినప్పుడు నాకు ప్రాణం లేచివచ్చింది. బకారానికి ఒక్కొక్క అచ్చునూ చేరుస్తూ పేర్చిన వరుసలు అందులో ఉన్నాయి. "ఇది మా గుణింతమేనమ్మా! మా పిల్లలూ ఇలాగే వల్లె వేస్తారు" అన్నాను. క గుణింతం రాగం తీసి వినిపించాను కూడా. ఆమె తలూపుతూ విని, "మా ముత్తాతలు మీ దగ్గర చదివి ఉంటే సుఖపడేవారు" అన్నారు.

ఆపైన తరగతివారీ వాచకాల కాలం. సోమరి చెడిపోవడం, సత్యవాది నెగ్గడం, పిల్లవాడు బల్ల ముందు నిటారుగా నిలిచి స్వరం ఎక్కడ ఎత్తాలో ఎక్కడ దించాలో సూచన ప్రకారం చదవడం. మరికొంతకాలానికి, ఆ కష్టమంతా పసివాళ్ళకెందుకని, వేరొక మార్గం తొక్కారు. మనిషి ముఖాన్ని కన్ను, ముక్కు, చెవి అని విడదీసి గుర్తుపట్టం గదా. మాటను కూడా అలాగే మొత్తంగా గుర్తుపట్టనిద్దాం అన్నారు. పుటకు నాలుగైదు మాటలు, అవే మళ్ళీ మళ్ళీ, పైన అందమైన రంగుల బొమ్మ. తెల్లటి ఇల్లు, పచ్చిక, అన్నాచెల్లెళ్ళు, కుక్క, ఏప్రన్ కట్టుకొన్న తల్లి, సాయంత్రం కారు దిగే తండ్రి. కొన్ని తరాల పిల్లలు ఆ ఇంట్లోనే చదువు నేర్చారట. అటుపిమ్మట వాటి మీద తగవు పుట్టింది. అందులో ఒకే రంగు మనుషులున్నారనీ, ఒకే తరహా ఇల్లుందనీ కొందరు. పిల్లలు మాటను చూడడం మాని బొమ్మను చూసి ఊహిస్తున్నారనీ, తిరిగి అక్షరధ్వనుల దగ్గరికే పోవాలనీ కొందరు.

"ఇంతకీ ఎవరి మాట నెగ్గింది?" అని అడిగాను.

"ప్రతి తరమూ తామే నెగ్గామనుకొంటుంది" అన్నారు ఆమె.

ఉద్యోగం చాలించి స్వదేశానికి వెళ్ళేటప్పుడు ఆ పుస్తకాల అట్టపెట్టెను మా గుమ్మంలో దించి, మీ అలమరలో వీటికి మర్యాద దక్కుతుంది అన్నారు. మర్యాద దక్కింది. కాని చాలా నెలలు వాటిని విప్పి చూసినవారు లేరు.

వాటికి పని చెప్పిన మనిషి మా ఆవిడకు వీధి చివరి బఖాలా కొట్టులో, కొత్తిమీర కట్టల దగ్గర పరిచయమైంది. రాయచోటి పక్క పల్లె ఆమెది. మాకు కాస్త దూరంలో, షాబ్ వైపు విల్లాలో, ఒక కువైతీ కుటుంబంలో పనిచేసేది. ఆ ఇంటి చిన్నపిల్లను పుట్టింది మొదలు సాకుతున్నదీ, ఆ పిల్లకు కావలసినవి వండి పెడుతున్నదీ ఆమే. ఒక శుక్రవారం మధ్యాహ్నం మా ఆవిడ ఆమెను వెంటబెట్టుకొచ్చింది.

"ఏమండీ, ఈ అమ్మాయికి చదువుతో పని పడిందంటండీ. నాకేం వచ్చమ్మా, పొద్దస్తమానం పుస్తకాల్లో తల దూర్చే మనిషి మా ఇంట్లో ఉన్నారు, రమ్మన్నాను."

ఆమె చెంగు చేతికి చుట్టుకొని గుమ్మం దగ్గరే నిలబడింది. "అయ్యోరా, మా మామా పాపను అమెరికా బడిలో ఏసింది" అన్నది. ఇక్కడి ఇళ్ళలో పనిచేసే ఆడవారు యజమానురాలిని మామా అనే పిలుస్తారు. "దినామూ సాయంత్రం పాపకాడ కూసోని ఇంగిలీసు పుస్తకం సదివించల్లంట. నేను తెలుగైతే సదువుతా. ఇంగిలీసు మాటలు నాలుగు ఇనుంటా గాని, అచ్చరం ముక్క రాదు. సెలవులు వొచ్చేలోపల నేర్సుకోకపోతే సదువొచ్చే ఇంగో మనిషిని పాపకాడ పెట్టి, నన్ను వంటింట్లో ఏస్తానంటాంది."

"వంటిల్లయితే మాత్రమేం? జీతం అదేగా?" అన్నది మా ఆవిడ.

"జీతం మాట కాదమ్మా. నా సేతుల్లో పెరిగిన బిడ్డ. జొరమొచ్చినా నేనే, నవ్వినా నేనే. ఇంగెవురో వొచ్చి ఆ బిడ్డ పక్కన కూసుంటే, నేను గరిటె పట్టుకోని తలుపు సందులోంచి సూస్తా ఉండల్లా?"

మా ఆవిడ కుర్చీ లాగి ఆమెను కూర్చోబెట్టింది.

నేను నా పద్ధతిలో మొదలుపెట్టాను. అక్షరం వస్తే మాట వస్తుంది, మాట వస్తే వాక్యం వస్తుంది. జీవితమంతా నమ్మిన దారి అది. నీలి అట్టల పుస్తకం నకలు ముందు పెట్టి అక్షరాల పేర్లు చెప్పించాను. వాటిని ఆమె త్వరగానే పట్టుకొన్నది. చిక్కు ఆ తరువాత వచ్చింది.

"సీ, ఏ, టీ. కలిపితే క్యాట్" అన్నాను.

"అదెట్లయితాది అయ్యోరా? సీ, ఏ, టీ కలిపితే సీయేటీ కావల్లగదా?"

"కావాలి. కాని కాదు."

"యాలంటే?"

ఎందుకో నాకూ తెలియదు. మన కకారం మాట మొదట కూర్చున్నా చివర కూర్చున్నా కకారమే. ఇంగ్లీషు అక్షరానికి పేరొకటి, ధ్వని ఒకటి. ఆ ధ్వని కూడా ఇల్లు మారితే మారుతుంది. నేను సమాధానం వెతుకుతుండగా వంటింట్లోనుంచి మా ఆవిడ గొంతు వినిపించింది. "టీ టీ అంటుంటే అడుగుతున్నారేమో అనుకుని గిన్నె పెట్టేశానండీ. తాగేసి మళ్ళీ కూర్చోండి."

టీ తాగుతూ ఆమె అట్టపెట్టెలోనుంచి రంగుల వాచకం తీసి తిప్పసాగింది. కుక్క పరుగెత్తే బొమ్మ దగ్గర ఆగి, కింద ఉన్న మాట మీద వేలుంచి, "ఇది రన్ను గదా?" అన్నది. అవునన్నాను. మరో పుటలో అదే మాటను అడక్కుండానే పట్టుకొన్నది. ఆ సాయంత్రానికి కొన్ని మాటలు ఆమెకు ముఖపరిచయమయ్యాయి. నా దారి కాదు, మా పొరుగు ఉపాధ్యాయురాలి దేశంవారు ఒకప్పుడు వేసిన దారి. గడువు తరుముకొస్తున్నది కనుక నేనూ ఆ దారినే నడిచాను.

ఆ శుక్రవారాలు తలచుకొంటే ఇప్పటికీ మనస్సు తేలికవుతుంది. ఆమె పాఠం కన్న ఆ అమెరికా ఇంటి మంచిచెడ్డల విచారణే ఎక్కువ చేసేది. "కుక్కను నట్టింట్లోకి రానిచ్చినారు, పెద్దోళ్ళు ఒక్కమాట అనరే!" అనేది. "ఈయన దినామూ టోపీ పెట్టుకోని వొస్తాడు, ఆఫీసులో ఏం పని సేస్తాడో ఒక్క పుటలోనూ రాయల్యా." మా ఆవిడ చిక్కుడుకాయలు ఒలుస్తూ, "పరుగెత్తు పరుగెత్తు అని అన్నిసార్లు చెప్తే గాని కదలడా ఆ పిల్లడు? మొద్దబ్బాయిలా ఉన్నాడు" అనేది. ఒకనాడు ఏప్రన్ బొమ్మ వచ్చింది.

"ఈ ఆయమ్మ ఎవురు అయ్యోరా, వీళ్ళింట్లో పనామెనా?"

"కాదమ్మా. తల్లి. మదర్ అని కింద ఉన్నది చూడు."

"తల్లా!" అని ఆమె ఆ బొమ్మను చాలాసేపు చూసింది. "తల్లే కేకు సేసుకుంటాందా? ఈళ్ళు లేనోళ్ళా?"

"అక్కడ తల్లులే వండుతారటమ్మా. మనలాగానే" అన్నది మా ఆవిడ.

ముగ్గురమూ నవ్వుకొన్నాం. పుస్తకాన్ని ఆమె సంచిలో పెట్టుకొని పాప కోసం తీసుకుపోయింది. ఆ ఇంటి పాపకు బడి పుస్తకాల కన్న ఈ పాత వాచకం ఎక్కువ నచ్చిందట. స్నానం కాగానే ఆమె ఒడిలో చేరి పుటలు తిప్పేదట. పాప ఆమెను 'అక్క' అని పిలిచేది. ఆ మాట తానే నేర్పానని చెప్పింది. "అమ్మా అని పిలిస్తే మామా మనసు నొచ్చుకుంటాదని, నోరు తిరిగే ఈడులోనే అక్క అని అలవాటు సేసినా."

సెలవులు దగ్గరపడ్డాయి. ఒక శుక్రవారం ఆమె వచ్చేటప్పటికి మొహంలో కళ లేదు. చెప్పులు విప్పి, గోడకు ఆనుకొని కింద కూర్చున్నది.

"ఏమైందే అమ్మాయ్?" అన్నది మా ఆవిడ.

"నిన్న మామా వొచ్చి కూసునింది. పాపా, సదువు ఇందాం అనింది. పాప బంతి పుట సదివింది, కుక్క పుట సదివింది, అన్నీ బాగా సదివింది. ఆ ఏప్రనామె పుట వొచ్చింది. అక్కడ, 'అక్క కేకు సేస్తాంది' అని సదివింది అయ్యోరా. మాటలన్నీ ఇంగిలీసే. మదర్ అని ఉండేకాడ మాత్రం అక్క. మామా వేలు పెట్టి, ఇదెవరు అనడిగింది. 'అక్క. మామా వంటింట్లోకి రాదు గదా' అనింది పాప."

"అయ్యో" అన్నది మా ఆవిడ.

"తిట్టినా బాగుండు. ఏమీ అనల్యా. ఖలాస్ అని పుస్తకం మూసి లేచిపోయింది. వొచ్చే బేస్తవారం ఇంగోతూరి ఇంటాదంట. అప్పుడు గూడా పాప అట్లే సదివితే ఇంగ నేను వంటింట్లోకే."

పాప తప్పు చదవలేదు. మాటను వదలి బొమ్మను చదివింది. తన కోసం పొయ్యి ముందు నిలబడేది ఎవరో పాపకు తెలుసు, బొమ్మలోనూ ఆమే కనిపించింది. దూరదేశపు పండితులు ఏళ్ళ తరబడి తగవులాడుకొన్న విషయం షాబ్‌లోని ఒక పడకగదిలో, ఒక తల్లి ఎదుట, ఇలా తేలింది.

నాకు నా పాత విద్యే గతి అయింది. "అమ్మా, పెదవుల మీద వేలు పెట్టుకో. అక్క అను" అన్నాను.

ఆమె నా వైపు వింతగా చూసి, వేలు పెట్టుకొని, "అక్క" అన్నది.

"పెదవులు కలిశాయా?"

"అక్క... అక్క. కలవల్యా అయ్యోరా."

"అది గొంతులో పుట్టిన మాట. ఇప్పుడు మామా అను."

"మామా. ఆఁ, కలిసినాయి!"

"మదర్ అను."

"మదర్. కలిసినాయి."

మా ఆవిడ కూడా చిక్కుడుకాయల పళ్ళెం పక్కకు నెట్టి వేలు పెట్టుకొన్నది. "అమ్మ. అమ్మ కూడానండీ! మరి అరబ్బీ పిల్లలు యుమ్మా అంటారు కదా, యుమ్మా... అదీ అంతేనండోయ్."

ఓష్ఠ్యాలు అని మా గురువుగారు చెప్పిన నాటినుంచి ఎందరికో ఆ సూత్రం బోధించాను గాని, ముగ్గురు పెద్దవాళ్ళం మూతుల మీద వేళ్ళు పెట్టుకొని పరీక్షించడం అదే మొదలు. పుస్తకంలో ఆ మాట తొలి అక్షరం చూపించాను. "రెండు కొండలు పక్కపక్కన నిలబడ్డట్టు ఉన్న ఈ అక్షరం వచ్చినచోట పెదవులు కలవాలి. కలవకుండా వచ్చే మాట ఏదైనా అది తప్పే. పాప చేత బొమ్మ మీద అరచేయి పెట్టించు. బొమ్మ కనబడకూడదు. అక్షరం చూసి, పెదవులు కలిపి, అప్పుడు చదవమను."

ఆమె ఆ పుటను చూస్తూ మెల్లగా అడిగింది. "అయితే ఆ బొమ్మ అక్క కాదని పాపకు నేనే సెప్పల్లా అయ్యోరా?"

అంతసేపూ అక్షరం మీదే ఉన్న నా దృష్టి అప్పుడు ఆమె మీదికి వచ్చింది. "బొమ్మ ఎవరో నువ్వు చెప్పవద్దమ్మా. మాట ఏదో మాత్రం చెప్పు" అన్నాను. "బొమ్మను మూయమన్నాను గాని, చెరపమనలేదు."

ఆమె చెంగుతో కళ్ళు ఒత్తుకొని, పుస్తకం సంచిలో పెట్టుకొని వెళ్ళింది. ఆ వారమంతా మా ఇంట్లో పాఠం నడుస్తూనే ఉన్నది. మా ఆవిడ పప్పు కడుగుతూ, బట్టలు మడతపెడుతూ ఉన్నట్టుండి, "ఆ పిల్ల పెదవులు కలుపుతుందంటారా?" అనేది. గురువారం సాయంత్రం దీపం పెట్టి, మామూలు కన్న ఎక్కువసేపు దేవుడి ముందు నిలబడింది.

శుక్రవారం ఆమె వచ్చే వేళ దాటింది. టీ చల్లారింది. మా ఆవిడ బాల్కనీలోకీ లోపలికీ తిరిగింది. "వంటింట్లో వేసేసుంటారండీ. శుక్రవారం చుట్టాలొస్తారు కదా, వంట వదిలి ఎలా వస్తుంది?" అన్నది. నాకూ అదే తోచింది గాని పైకి అనలేదు.

తలుపు చప్పుడైంది. ఆమె లోపలికి వస్తూనే సంచి పక్కన పడేసి, మా ఆవిడ చేతులు పట్టుకొన్నది.

"పాప మూసింది అమ్మా! ఖర్జూరం తింటాండింది, సెయ్యి కడగమంటే ఇనల్యా, ఆ జిగురు సెయ్యే తెచ్చి బొమ్మ మింద పెట్టింది. మూతి ఇట్లా బిగించింది." ఆమె పెదవులు బిగించి చూపింది. "మమ్... మదర్ అనింది. గట్టిగా!"

"మామా ఏమన్నదీ?"

"సహ్ అనింది." సహ్ అంటే ఒప్పు అని అర్థం. "నాకు ప్రాణం కుదుటపడింది. ఇంగ పుట తిప్పుతాదిలే అనుకున్యా. పాప తిప్పల్యా. సెయ్యి తీసింది. బొమ్మ మింద వేలు పెట్టింది. మామా మొహంలోకి సూసి, 'అక్క' అనింది."

మా ఆవిడ చేయి ఆమె చేతిలోనే ఉండిపోయింది. నేను కుర్చీలో ముందుకు జరిగాను.

"అయ్యోరా, మామా ఆ బొమ్మకల్లా సూసింది. నాకల్లా సూసింది. నేను తల దించుకున్యా. ఆ తర్వాత మామా పాప తల మింద సెయ్యేసి, 'సహ్' అనింది. మళ్ళా. ఆ మాటే. 'యల్లా, తరవాత పుట' అనింది."

పాప పక్కకు వేరే మనిషి రాలేదు. కొన్ని సాయంత్రాలు మామా కూడా వచ్చి మంచం మీద కూర్చునేదట. పాప నడుమ ఉండి, మదర్ అన్నప్పుడు ఒకవైపూ బొమ్మ చూసినప్పుడు మరోవైపూ తిరిగేదట. వాచకం పని తీరాక, వెన్ను విరిగి, ఖర్జూరపు మరకతో, అది నా అలమరకు తిరిగివచ్చింది. మా పొరుగు ఉపాధ్యాయురాలు ఉండి ఉంటే లిఫ్టు దగ్గర ఆపి ఈ కథ చెప్పేవాణ్ణి. ఏ పక్షం నెగ్గిందని ఆమె నన్నే ఎదురు అడిగేవారు.

పాప ఇప్పుడు బొమ్మలు లేని లావాటి పుస్తకాలు సొంతంగా చదువుకొంటున్నది. అయినా సాయంత్రమైతే అక్కను పిలిచి పక్కన కూర్చోబెట్టుకొని పైకి చదువుతుందట. మొన్న శుక్రవారం ఆ సంగతి చెబుతుంటే, "అవన్నీ నీకేం అర్థమవుతాయే?" అని మా ఆవిడ వేళాకోళం చేసింది.

"అర్థం కాకపోతే ఏమమ్మా" అన్నది ఆమె. "నేను పాప పెదాలు సూస్తా ఉంటా. అవి కలిసినప్పుడల్లా, ఈ మాట నేను నేర్పిండేదే అనుకుంటా."